రాక్ దరువు మీద జపాన్ మాట

1971లో టోక్యో నుంచి వెలువడే ‘న్యూ మ్యూజిక్ మ్యాగజైన్’ పేజీల్లో ఒక వాదం గట్టిగా నడిచింది. జపనీస్‌లో రాక్ పాడటం కుదురుతుందా, కుదరదా? కుదరదన్నవాళ్ళలో ముందు నిలిచినవాడు యూయా ఉచిదా. 1966లో బీటిల్స్ టోక్యోలోని బుడోకాన్ హాల్లో కచేరీలు చేసినప్పుడు వాళ్ళకంటే ముందు వేదికెక్కి పాడినవాళ్ళలో ఆయనొకడు. ఆ తర్వాత ‘ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్’ను తయారుచేసి ఇంగ్లీషులో పాడించాడు. ఆ బ్యాండ్ కెనడా వెళ్ళి కచేరీలు కూడా చేసింది. ప్రపంచం వినాలంటే ఇంగ్లీషే దిక్కనీ, జపనీస్ మాట ఈ లయకు ఎక్కదనీ ఆయన పట్టు. అవతలి పక్క ‘హ్యాపీ ఎండ్’ అనే నలుగురు కుర్రాళ్ళ బ్యాండ్ ఉంది. అందులో ఎవరికీ అప్పటికి పాతికేళ్ళు నిండలేదు.

ఉచిదా మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. జపనీస్‌లో ఇంచుమించు ప్రతి హల్లుకూ ఒక అచ్చు తోడుంటుంది. ప్రతి అక్షరమూ దాదాపు ఒకే కాలం తీసుకుంటుంది. ఇంగ్లీషులో ఒక అక్షరాన్ని ఊని పలికి, పక్కవాటిని మింగేస్తారు. జపనీస్‌లో ఆ ఊత ఉండదు, గొంతు హెచ్చుతగ్గులే ఉంటాయి. రాక్ లయ మొత్తం నిలబడింది ఆ ఊత మీదే. నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ డ్రమ్ముపై బలంగా పడుతుంటే, పాటలోని మాట దానితో సరిగ్గా ఢీకొనాలి. ఇంగ్లీషు ‘ఐ’ ఒక్క స్వరంలో తేలిపోతుంది. అదే అర్థానికి జపనీస్ ‘వతాషి’ మూడు స్వరాలు అడుగుతుంది. ఒక చరణంలో ఇంగ్లీషు కవి చెప్పగలిగినదాంట్లో సగం కూడా జపాన్ కవికి ఇమడదు. మాట చివర అచ్చు లేకపోతే తోచని తెలుగువాళ్ళకు ఈ ఇబ్బంది ఇట్టే అర్థమవుతుంది.

అంతకు ముందు జపనీస్‌లో గిటార్ పాటలు లేవని కాదు. 1966 నుంచి 1969 దాకా ‘గ్రూప్ సౌండ్స్’ పేరుతో బ్యాండ్లు ఊపేశాయి. ‘బ్లూ షాతో’ అనే పాటకు 1967లో జపాన్ రికార్డ్ అవార్డు కూడా వచ్చింది. అయితే చాలా పాటలను రికార్డు కంపెనీలు పెట్టిన వృత్తి రచయితలు రాసేవారు. బాణీ పాత సినీ, రేడియో గీతాల తీరులోనే సాగేది, చేతిలో మాత్రం ఎలక్ట్రిక్ గిటార్ ఉండేది. వాదం నడిచింది దాని గురించి కాదు.

హ్యాపీ ఎండ్‌లో బేస్ గిటార్ హరువొమి హొసొనోది, గిటార్ షిగెరు సుజుకిది. ఎయిచి ఒతాకి గాయకుడు. డ్రమ్స్ వాయించే తకాషి మత్సుమొతోయే పాటలు రాసేవాడు. డ్రమ్మరే కవి కావడం ఈ బ్యాండ్‌కు దొరికిన పెద్ద వరం. దెబ్బ ఎక్కడ పడుతుందో మాట రాసేవాడికే తెలుసు. 1970 ఆగస్టులో వచ్చిన తొలి ఆల్బమ్‌లో మొదటి పాట ‘హరు యో కోయి’. కొత్త సంవత్సరం పూట ఇంటికి పోకుండా ఒంటరిగా మిగిలిన యువకుడి పాట అది. అందులో ఒతాకి మాటను మాటలా పలకడు. ఒక అచ్చును పట్టుకుని సాగదీస్తాడు. మాటను మధ్యలో విరిచి, సగం ఈ దెబ్బ మీద, సగం వచ్చే దెబ్బ మీద పెడతాడు. మొదటిసారి వింటే జపాన్ వాళ్ళకు కూడా అది ఏ మాటో వెంటనే తట్టదు. భాష ఇవ్వని ఊతను గాయకుడు అలా తన గొంతుతో తెచ్చిపెట్టాడు. అమెరికాలోని బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ బ్యాండ్ నుంచి వాళ్ళు గిటార్ల కూర్పు నేర్చుకున్నారు. ఈ పలుకు మాత్రం వాళ్ళ సొంతం.

రెండో ఆల్బమ్ ‘కజెమాచి రోమన్’ 1971 నవంబరులో వచ్చింది. అందులో మూడో పాట ‘కజె ఒ అత్సుమెతె’. గాలిని పోగుచేసుకుని అని ఆ పేరుకు అర్థం. దాన్ని కాస్త దగ్గరగా వినాలి. బ్యాండ్‌లో నలుగురున్నా ఈ పాట రికార్డింగులో ఉన్నది ఇద్దరే. గిటార్, బేస్, ఆర్గాన్, గొంతు అన్నీ హొసొనోవే. డ్రమ్స్ మత్సుమొతోవి. హొసొనో గొంతు మంద్రం. రాక్ అంటే పైస్థాయిలో అరవాలనుకునే రోజుల్లో ఆ గొంతుతో ఏం చేయాలో ఆయనకు తోచలేదు. అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్ తక్కువ స్థాయిలో, పక్కన కూర్చున్న మనిషితో చెబుతున్నట్టు పాడటం విన్నాక దారి దొరికింది. ఒతాకి మాటను సాగదీసి లయలోకి తెస్తే, హొసొనో లయనే మాట నడకకు తగ్గించాడు. డ్రమ్స్ కూడా నెమ్మదిగా, మాటలకు చోటు వదులుతూ సాగుతాయి. రచనలోనూ ఒక సాహసం ఉంది. మత్సుమొతో ఈ ఆల్బమ్‌లోని కొన్ని పాటలను పెద్దమనిషితో మాట్లాడేటప్పుడు వాడే మర్యాద క్రియలతో ముగించాడు. రాక్ పాటలో అప్పటికి ఎవరూ ఊహించని పలుకుబడి అది. తిరుగుబాటు, కేకలు ఉండాల్సిన చోట ఒక చదువుకున్న కుర్రాడు వినయంగా తను చూసింది చెబుతున్నట్టు ఉంటుంది.

చెప్పింది దేని గురించి? పొగమంచులో కదిలే ట్రామ్, ఊరి చివర వీధి, పొద్దున్నే ఖాళీగా ఉన్న కాఫీ దుకాణం. మత్సుమొతో టోక్యోలో అవొయామా ప్రాంతంలో పుట్టాడు. 1964 ఒలింపిక్స్ కోసం నగరాన్ని తవ్వి రోడ్లు వెడల్పు చేసినప్పుడు ఆయన పుట్టిన ఇల్లు కూడా పోయింది. 1967 నుంచి 1972 లోపు టోక్యో ట్రామ్ దారులను దాదాపు అన్నిటినీ ఎత్తేశారు. అంటే ఆ ఆల్బమ్ రికార్డు చేస్తున్న రోజుల్లోనే పట్టాలు లేచిపోతున్నాయి. చిన్ననాటి వీధులన్నిటినీ కలిపి ఆయన ‘గాలి పట్నం’ అని పేరు పెట్టుకున్నాడు. ఆల్బమ్ పేరులోని కజెమాచి అదే. ఈ పాటల్ని అమెరికా బాణీలకు నకలు అనేవాళ్ళకు ఇదే జవాబు. కూల్చేసిన ఒక వీధి గురించి ఆ వీధివాడు ఇంకో భాషలో పాడలేడు.

వాళ్ళ మూడో ఆల్బమ్ 1972లో లాస్ ఏంజెలిస్‌లో తయారైంది. సంగీత దర్శకుడు వాన్ డైక్ పార్క్స్ చివరి పాటలో చేయి వేశాడు. ఆ ఏడాది చివరికే బ్యాండ్ విడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2003లో ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ అనే అమెరికన్ సినిమాలో ‘కజె ఒ అత్సుమెతె’ వినబడి, జపనీస్ ఒక్క ముక్క రానివాళ్ళ నోళ్ళలో కూడా నానింది. ప్రపంచం వినాలంటే ఇంగ్లీషు కావాలన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు నాకు కనబడదు.

విడిపోయినవాళ్ళు ఊరుకోలేదు. హొసొనో 1978లో ర్యూయిచి సకమొతో, యుకిహిరో తకహషిలతో కలిసి ‘యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా’ పెట్టాడు. మత్సుమొతో జపాన్‌లోకెల్లా పేరున్న సినీ, పాప్ గీత రచయితల్లో ఒకడయ్యాడు, రెండు వేలకు పైగా పాటలు రాశాడు. 1980లో ఒతాకి కొత్త ఆల్బమ్‌కు ఆయన పాటలు రాయాల్సి ఉండగా మత్సుమొతో చెల్లెలు చనిపోయింది. కళ్ళకు ఊరంతా రంగు వెలిసినట్టు కనబడుతోందనీ, ఇంకెవరితోనైనా రాయించుకొమ్మనీ ఆయన ఒతాకికి చెప్పాడు. ఒతాకి ఇంకెవర్నీ వెతకలేదు. విడుదల వాయిదా వేసి నెలల తరబడి ఆగాడు. అలా 1981 మార్చిలో వచ్చిన ‘ఎ లాంగ్ వెకేషన్’లో మొదటి పాట ‘కిమి వ తెన్నెన్‌షోకు’, దూరమైన మనిషిని తిరిగి రంగుల్లో చూడాలనుకునే పాట. పైకి అది ఎండకాసే సముద్రతీరంలా ఉల్లాసంగా ఉంటుంది. లోపల ఏముందో తెలిశాక ఆ ఉల్లాసమే గుండెను పట్టేస్తుంది.

ఈలోగా మిగతావాళ్ళు వేరే దారులు తొక్కారు. ఎయికిచి యజావా పాడిన ‘క్యారల్’ బ్యాండ్ 1973లో ‘ఫంకీ మంకీ బేబీ’లో ఇంగ్లీషు ముక్కల్నీ జపనీస్‌నీ కలిపి ఒకే యాసలో దంచేసింది. ‘సాదిస్టిక్ మికా బ్యాండ్’ 1974లో ‘కురొఫునె’ అనే ఆల్బమ్‌ను జపాన్ తీరానికి వచ్చిన అమెరికన్ నల్ల ఓడల కథ మీద కట్టి, మరుసటి ఏడాది రాక్సీ మ్యూజిక్ బ్యాండ్‌తో కలిసి ఇంగ్లండ్‌లో కచేరీలు చేసింది. 1978లో ‘కత్తె ని సింద్‌బాద్’ పాటతో వచ్చిన కెయిసుకె కువాతా ముందు బాణీని అర్థం లేని ఇంగ్లీషు కూతలతో కట్టి, తర్వాత వాటి స్థానంలో జపనీస్ మాటలు పెట్టేవాడు. అందుకే ఆయన పాడే జపనీస్ నాలుక మీద జారిపోతుంది.

కియోషిరో ఇమవానో దీనికి పూర్తిగా ఎదురు నడిచాడు. ఆయన బ్యాండ్ ‘ఆర్‌సీ సక్సెషన్’. ఆయన ఆరాధించింది అమెరికన్ సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్‌ని. కానీ పాడేటప్పుడు జపనీస్‌ను వంచలేదు, మింగలేదు. ఒక్కో అక్షరాన్నీ విడదీసి, నొక్కి, సన్నటి గొంతుతో విసిరాడు. భాషకున్న సమాన కాలాన్నే ఆయన దరువుగా మార్చుకున్నాడు. 1976లో వచ్చిన ‘స్లో బల్లాడ్’లో కారులో రాత్రి గడిపే ఒక జంట మాటల్లో ప్రతి అక్షరమూ వినబడుతుంది. ఆ పాట ఉన్న ‘సింగిల్ మ్యాన్’ ఆల్బమ్ మొదట అమ్ముడుపోక దుకాణాల నుంచి మాయమైతే, అభిమానులు పట్టుబట్టి మళ్ళీ వేయించారు. 1980లో ‘అమెఅగరి నో యొజోరా ని’ వచ్చింది. వాన వెలిసిన రాత్రి, కదలనని మొరాయించే కారు. దాని గురించి చెబుతున్నట్టే చెబుతూ ప్రేయసితో మాట్లాడతాడు. అదే ఏడాది వచ్చిన ‘ట్రాన్సిస్టర్ రేడియో’లో బడి ఎగ్గొట్టి మేడ మీద రేడియో వింటున్న పిల్లవాడు కనబడతాడు.

మాటలు అంత స్పష్టంగా వినబడితే చిక్కులు కూడా వస్తాయి. 1988లో ఇమవానో పాత ఇంగ్లీషు పాటలకు జపనీస్ మాటలు పెట్టి, కొన్నిటిలో అణు విద్యుత్తును విమర్శిస్తూ ‘కవర్స్’ అనే ఆల్బమ్ చేశాడు. అణు రియాక్టర్లు తయారుచేసే తోషిబా సంస్థకు వాటా ఉన్న రికార్డు కంపెనీ తోషిబా-ఇఎంఐ దాని విడుదలను ఆపేసింది. ఆగస్టు 15న వేరే కంపెనీ విడుదల చేస్తే, ఆర్‌సీ సక్సెషన్‌కు మొదటిసారి అమ్మకాల పట్టికలో అగ్రస్థానం దక్కింది.

‘ద బ్లూ హార్ట్స్’ బ్యాండ్ 1987లో ఈ కథను ఇంకా తేటపరిచింది. ‘లిందా లిందా’లో హిరోతో కోమొతో మురుగు కాలువలో ఎలుకను అందమైనదిగా తలుచుకుంటూ, ఒంటరిగా నెమ్మదిగా మొదలుపెడతాడు. ఉన్నట్టుండి బ్యాండ్ అంతా విరుచుకుపడుతుంది. మాటలు కొద్ది, అక్షరానికొక స్వరం. చిన్నపిల్లలు కూడా వెంటనే అందుకుని పాడగలరు. ఉచిదా భయపడిన ఇబ్బంది ఇక్కడ కనీసం గుర్తుకు కూడా రాదు.

2007లో ‘రోలింగ్ స్టోన్’ జపాన్ సంచిక వంద గొప్ప జపనీస్ రాక్ ఆల్బమ్‌ల జాబితా వేసింది. మొదటి స్థానం ‘కజెమాచి రోమన్’ది, రెండోది ఆర్‌సీ సక్సెషన్ కచేరీ ఆల్బమ్ ‘రాప్సొడీ’ది, మూడోది బ్లూ హార్ట్స్ తొలి ఆల్బమ్‌ది. ఆ మూడింటినీ ఇదే వరసలో వినండి. భాష రాకపోయినా ఫరవాలేదు. అక్షరం దరువు మీద ఎక్కడ వాలుతుందో, ఎక్కడ తప్పించుకుంటుందో ఒక్కటే గమనిస్తూ వినండి.