రంగు మారు లోహ సంశ్లిష్టములు: ఒక విమర్శ

విషవాయువు సోకి రంగు మారి, మరల పూర్వవర్ణము పొందు లోహ సంశ్లిష్టములను పలువురు మెచ్చుకొందురు. ఆ మెప్పు సగమే న్యాయము.

సీసపు ఎసిటేట్ కాగితము హైడ్రోజన్ సల్ఫైడు సోకి నల్లబడును. దానిని మరల వాడలేము. నీరు పోగొట్టిన మైలుతుత్తము తెల్లనిది. అమ్మోనియా సోకిన ముదురు నీలమగును, వేడిచేసిన అమ్మోనియా వదలిపోవును. రాగి దానిని వేడికి తెగునంతటి బంధముతోనే పట్టుకొనుట ఇందుకు కారణము. కాని ఆ రాగి నీటి ఆవిరిని గూడ పట్టుకొనును. అప్పుడు పొడి లేత నీలమగును.

దివిసీమలోని కోడూరు వంటి సముద్రతీరపు తేమగాలిలో, అమ్మోనియాతో నడచు ఐసు ఫ్యాక్టరీలో ఇట్టి కాగితము వ్రేలాడదీసిన, వాయువు కారకున్నను నీలము చూపును. పదిమార్లు అబద్ధమాడినదానిని పదునొకండవమారు కార్మికుడు నమ్మడు. అపాయము అప్పుడే.

కావున 'ఎన్నిమార్లు పనిచేయును?' అనుటకు ముందు 'తేమలో నిజము చెప్పునా?' అని విద్యార్థులు అడుగవలెను.