ఎవరి ముందు సిగ్గు? ఎవరి ముందు లేదు?
అసిమోవ్ సొలేరియాలో నగ్నత్వం, అంటరానితనం

తెలుగు విమర్శ సైన్సు ఫిక్షన్ని పెద్దగా పట్టించుకోలేదు. పిల్లల కాలక్షేపమనో, పలాయన సాహిత్యమనో పక్కన పెట్టేసింది. దళిత విమర్శ దాని జోలికి పోయిందీ తక్కువే. మన వాడల బతుకే ఇంకా పూర్తిగా రాసుకోలేదు, వేరే గ్రహాల కథలెందుకని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఊహించిన లోకాల్లో కూడా ఎవడో ఒకడు దొరగానే ఉంటాడు, ఎవడో ఒకడు ఊడిగం చేస్తూనే ఉంటాడు. ఆ ఊహ ఎవరిది, అందులో మనిషిగా లెక్కకొచ్చేదెవరు అని అడగడం మన పనే. ఈ వ్యాసంలో ఐజాక్ అసిమోవ్ రోబో నవలల్లో నగ్నత్వాన్ని, దాని చుట్టూ ఉన్న సిగ్గుని ఆ ప్రశ్నతో చూడాలని నా ప్రయత్నం.

నవల ‘ది నేకెడ్ సన్’. 1956 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1957లో పుస్తకమైంది. దీనికి ముందుది ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’ (1954), తర్వాతది ‘ది రోబోట్స్ ఆఫ్ డాన్’ (1983). వీటిలో భూమ్మీది జనం కప్పేసిన ఉక్కు నగరాల్లో ఇరుకిరుగ్గా బతుకుతుంటారు. భూమిని వదిలిపోయి ఇతర గ్రహాల్లో స్థిరపడ్డ స్పేసర్లు విశాలంగా, ఆరోగ్యంగా, రోబోల ఊడిగం మీద బతుకుతుంటారు. స్పేసర్ల దృష్టిలో భూమి మనిషి రోగాల పుట్ట. వాళ్ళ పేటలోకి అడుగుపెట్టాలంటే ముందు వాడికి స్నానం చేయించి, శుద్ధి చెయ్యాలి. వాడి దగ్గర నిలబడాలంటే వాళ్ళకు చేతితొడుగులు కావాలి, ముక్కులో వడపోత గొట్టాలు కావాలి. కారణం అడిగితే పరిశుభ్రత అంటారు. ఈ మాట మనకు కొత్తదేం కాదు. అంటరానితనాన్ని వెనకేసుకొచ్చే చదువుకున్నోళ్ళు ఇప్పటికీ చెప్పే కారణం అదే.

స్పేసర్ లోకాల్లో సొలేరియా ఒకటి. జనాభా 20 వేలు. రోబోలు 20 కోట్లు. అంటే మనిషికి 10 వేల రోబోలు. ఒక్కొక్కరికీ ఒక్కో జమీను. ఎవరూ ఎవరికీ ఎదుటపడరు. మాట్లాడుకోవాలంటే మనిషి నిలువెత్తు బింబం ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. దానికి వాళ్ళు వాడే మాట ‘వ్యూయింగ్’. మనిషి స్వయంగా ఎదురుగా ఉంటే ‘సీయింగ్’. మనకు రెండూ ‘చూడ్డమే’. వాళ్ళకు మొదటిది మర్యాద, రెండోది బూతు.

అక్కడ ఒక హత్య జరుగుతుంది. దర్యాప్తుకు భూమి నుంచి ఇలైజా బేలీ అనే డిటెక్టివ్‌ని పిలిపిస్తారు. చనిపోయినవాడి భార్య గ్లాడియాని బేలీ మొదటిసారి వ్యూయింగ్‌లోనే కలుస్తాడు. ఆమె అప్పుడే స్నానం ముగించి, ఒంటిమీద నూలుపోగు లేకుండా అతని ముందుకొస్తుంది. బేలీ బిత్తరపోతాడు. ఆమెకది అర్థం కాదు. ఇది వ్యూయింగే కదా, ఎవరైనా స్వయంగా ఎదురుగా ఉంటే నేనిట్లా వస్తానా అంటుంది. ఈమే ఎదుటపడే రోజున చేతులకు తొడుగులు వేసుకుని, దూరంగా కూర్చుంటుంది.

మామూలుగా ఈ ఘట్టాన్ని ఎట్లా చదువుతారు? ‘ఒక్కో సమాజానికి ఒక్కో సిగ్గు. భూమి మనిషికి ఒంటి మీద బట్ట లేకపోవడం సిగ్గు, సొలేరియా మనిషికి ఎదుటపడ్డం సిగ్గు. ఎవరి ఆచారం వాళ్ళది’ అంటారు. ఉదారవాదుల చదువు ఇది. తప్పని అనను కానీ చాలదు. ఆచారాల్ని పక్కపక్కన పెట్టి సమానం చేసేస్తే, ఆ ఆచారం ఎవరి వీపు మీద నిలబడిందన్న ప్రశ్న జారిపోతుంది. అగ్రకుల సామాజిక శాస్త్రం మన ఊళ్ళను వర్ణించేటప్పుడు చేసే పని కూడా ఇదే.

గ్లాడియా మాటని మళ్ళీ చూడండి. ఎవరూ ఎదురుగా లేరంటోంది. నిజంగా లేరా? ఆమె ఇంటినిండా రోబోలు. ఆమె స్నానపు ఏర్పాట్లు చూసేవి రోబోలే. ఆ బింబాన్ని బేలీ ముందుకు పంపే పని చేసేవీ రోబోలే. వాటి ముందు ఆమెకు సిగ్గులేదు. రోబోని ఆమె ‘ఎవరో ఒకరు’గా లెక్కపెట్టలేదు. కనక సొలేరియాలో నగ్నత్వం స్వేచ్ఛకు గుర్తు కాదు, అమాయకత్వానికీ కాదు. ఎవరు మనిషి, ఎవరు కాదు అనే గీత ఎక్కడుందో చూపించే కొలబద్ద అది. ఎవరి ముందు సిగ్గుపడనక్కర్లేదో వాళ్ళు మనిషి కిందికి రారు.

నా వాదనంతా ఇదే. దీనికి సాక్ష్యం నవల కథలోనే ఉంది. హత్య జరిగిన చోట ‘ఎవరూ లేరు’ అని అందరూ ఒక్క గొంతుతో చెబుతారు. భర్తని ఎదుటపడి చూసే హక్కు భార్యకొక్కదానికే ఉంది కాబట్టి చంపింది గ్లాడియానే అంటారు. చంపిన ఆయుధం మాత్రం దొరకదు. అక్కడొక రోబో ఉంది, కళ్ళముందు జరిగిన హత్యను తట్టుకోలేక దాని బుర్ర చెడిపోయింది. అది ఉండడాన్ని ఉండడంగా ఎవరూ అనుకోరు. తీరా చూస్తే ఆయుధం ఆ రోబో చెయ్యే. ఊడదీసి మళ్ళీ తగిలించుకునే చెయ్యి. దాన్ని అట్లా పథకం ప్రకారం సిద్ధం చేసినవాడు రోబో నిపుణుడు లీబిగ్. నవలలోని మిస్టరీ అంతా నిలబడింది గ్లాడియా స్నానపు గదిలో ఉన్న గుడ్డితనం మీదే. చాకిరీ చేసే చెయ్యి కనపడుతుంది, కానీ ఆ చెయ్యి ఉన్నవాడు కనపడడు.

‘రోబో’ అనే మాట ఎక్కడిదో మనం గుర్తుపెట్టుకోవాలి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో అది లోకంలోకొచ్చింది. ‘రొబోత’ అంటే చెక్ భాషలో దొరకు చేసే నిర్బంధ చాకిరీ. మన మాటల్లో చెప్పాలంటే వెట్టి. చాపెక్ నాటకంలో రోబోలు తిరగబడతాయి. అసిమోవ్‌కు ఆ తిరుగుబాటు కథ నచ్చలేదు. 1942లో తన మూడు సూత్రాలు పెట్టి, మనిషికి హాని చెయ్యకపోవడాన్నీ, చెప్పినమాట వినడాన్నీ రోబో మెదడులోనే బిగించేశాడు. పుట్టుకతోనే విధేయత! మనువు ధర్మశాస్త్రంతో చెయ్యబోయిన పనిని ఇక్కడ ఇంజనీరు చేశాడు. సొలేరియా సామాజిక శాస్త్రవేత్త క్వెమాట్ ఈ సంగతి దాచుకోడు కూడా. తమ సమాజాన్ని ప్రాచీన స్పార్టాతో పోల్చి, రోబోలు తమ హెలట్‌లంటాడు. తిరగబడని హెలట్‌లన్నమాట! ప్రతి దొరా కనే కలే ఇది: నొప్పి తెలియని, ఎదురు చెప్పని వెట్టివాడు. ఈ నవలల్లో రోబోని పిలిచే మాట ‘బాయ్’. అమెరికా దక్షిణాదిలో నెరిసిన తల ఉన్న నల్లవాణ్ణి తెల్ల కుర్రాడు పిలిచిన పిలుపు అది. మన తాతల్ని పదేళ్ళ పిల్లోడు ‘ఒరే’ అన్న ఊళ్ళల్లోంచి వచ్చినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ముట్టుడు సంగతి. సొలేరియాలో పిల్లలు పుట్టగానే ఒకరినొకరు తాకాలని ఉబలాటపడతారు. పెంపక కేంద్రంలో ఆ కోరికను ఏళ్ళతరబడి శిక్షణతో మాన్పిస్తారు. అంటే అంటరానితనం సహజం కాదు, నేర్పితే వస్తుందని నవలే ఒప్పుకుంటోంది. క్వెమాట్ ధైర్యం చేసి బేలీకి ఎదుటపడతాడు, కాసేపటికే బేలీ వదిలిన గాలి తన ఊపిరితిత్తుల్లోకి వస్తోందన్న ఊహకే తట్టుకోలేక లేచిపోయి, మిగతా మాటలు బింబంగా వచ్చి మాట్లాడతాడు. చివరికి లీబిగ్ చావు చూడండి. ఒక మనిషి తనని పట్టుకోడానికి స్వయంగా నడిచి వస్తున్నాడన్న భయంతో విషం మింగుతాడు. వస్తున్నది బేలీ సహచరుడు ఆర్. డానీల్. అచ్చం మనిషిలా ఉండే రోబో. జీవితమంతా రోబోల మధ్యే బతికినవాడు, రోబోని మనిషనుకుని చచ్చాడు! మైల ఒంట్లో ఉండదు, పేరులో ఉంటుందని ఇంతకన్నా సూటిగా చెప్పిన సన్నివేశాన్ని నేను మన ప్రగతిశీల కథల్లో కూడా ఎక్కువ చూడలేదు.

ఇక్కడ మనకు ఒక అనుమానం రావాలి. సొలేరియాలో అందరూ అందరికీ అంటరానివాళ్ళే గదా, అది సమానత్వం కాదా? కాదు. ఎవరూ ఎవర్నీ ముట్టకుండా ఒక సమాజం బతకాలంటే, అందరినీ ముట్టేవాడొకడు కావాలి. ఒళ్ళు కడిగేవాడు, అన్నం పెట్టేవాడు, శవాన్ని ఎత్తేవాడు. మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్ళో పెద్ద ఇళ్ళ పురుళ్ళు చాలా ఆమె చేతిమీద జరిగినవే. నొప్పులు పడే గదిలో ఆ ఇంటి ఆడవాళ్ళకు ఆమె ముందు సిగ్గులేదు. బిడ్డను మొదట ముట్టింది ఆమె చెయ్యే. పురిటిస్నానం అయిపోయాక ఆ చెయ్యే మైల, ఆ గడప ఆమెకు మూసేసేవాళ్ళు. ఆ గదిలో లేని సిగ్గుని ‘ఆప్యాయత’ అని పొరబడే రచయితలున్నారు. అది ఆప్యాయత కాదు, లెక్కలో లేకపోవడం.

దొర తన నౌకరు ముందు బట్టల్లేకుండా నిలబడగలడు. అదే దొర నౌకరు బట్టలూడదీయగలడు కూడా. రెండూ ఒకే అధికారం. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక హక్కు కోసం దశాబ్దాలపాటు పోరాడాల్సి వచ్చింది. 1859లో రాజుగారి ప్రకటన వచ్చింది. అప్పుడు కూడా రొమ్ము కప్పుకోవచ్చుగానీ అగ్రకుల స్త్రీల పద్ధతిలో కాదన్న షరతు పెట్టారు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం బలవంతంగా బట్టలూడదీయడాన్నీ, నగ్నంగా ఊరేగించడాన్నీ నేరంగా పేరుపెట్టి చెప్పింది. 2015 సవరణ దాన్ని మరింత విడమరిచింది. ఒక దేశం తన చట్టంలో ఈ మాట రాసుకోవాల్సి వచ్చిందంటే, అది ఎక్కడో ఒకచోట జరిగిన దుర్మార్గం కాదని, కులం వాడే ఆయుధమని అర్థం. అసిమోవ్ లోకంలోనూ దీనికి జత ఉంది. ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’లో డానీల్ రోబోనా, మనిషా అన్న అనుమానమొస్తే, అతను తన చేతి చర్మాన్నే విప్పి లోపలి లోహాన్ని చూపించాల్సి వస్తుంది. పైనున్నవాణ్ణి నువ్వెవరని ఒంటిని విప్పి చూడరు.

అసిమోవ్‌కు మన కులం తెలిసి రాశాడని నేననడం లేదు. అతని ముందున్నది అమెరికా. బళ్ళల్లో వేర్పాటు చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సీరియల్ వచ్చే నెలల్లో మాంట్గమరీ నల్లజాతి ప్రజలు బస్సుల బహిష్కారంలో ఉన్నారు. వేర్పాటు అన్నిటికన్నా మొండిగా నిలబడ్డ చోట్లలో ఈత కొలను ఒకటి. బట్టలు తీసేసిన ఒళ్ళు, ఒకే నీళ్ళు. నల్లవాళ్ళతో కలిసి దిగడంకన్నా మూసేసుకోవడమే మేలని మిసిసిపీలోని జాక్సన్ నగరం 1963లో తన కొలనులు మూసేసింది. 1971లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో దాన్ని సమర్థించింది కూడా. మన ఊరి చెరువు, మన ఊరి బావి గుర్తుకు రావడంలేదూ? సొలేరియా గాలిలోంచి ఊడిపడలేదు. బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడిపిన యూదు వలస కుటుంబంలో పెరిగినవాడు అసిమోవ్. దూరం పెట్టడమంటే ఏమిటో ఎంతోకొంత తెలిసినవాడే.

అయినా అతని చూపుకు రెండు హద్దులున్నాయి. ఒకటి, గ్లాడియా నగ్నత్వాన్ని మనకు చూపించేది బేలీ కళ్ళు. మగాడి తత్తరపాటు, దాని చుట్టూ కాస్త కొంటె సరదా. నిజ జీవితంలో సభల్లో, సమావేశాల్లో ఆడవాళ్ళను అనుమతి లేకుండా తాకడం అసిమోవ్‌కు అలవాటని తర్వాత చాలామంది రికార్డు చేశారు. ముట్టుడు మీద ఇంత ఆలోచించినవాడు ఆడవాళ్ళ దగ్గర దాన్ని తన హక్కనుకున్నాడు. ఇది పక్కన పెట్టేసే విషయం కాదు. దళిత స్త్రీకి ఈ సంగతి ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. ‘అంటరాని’ ఒంటిని రాత్రిపూట అంటుకోడానికి ఏ దొరకూ మైల అడ్డం రాలేదు.

రెండోది ఇంకా పెద్దది. నవలంతటిలో రోబో ఏం చూసిందో మనకు తెలియదు. గ్లాడియా ముందు నిలబడ్డ రోబో కళ్ళలోంచి ఒక్క పేజీ లేదు. దానికి బాధలేదని రచయిత ముందే తీర్మానించాడు కాబట్టి ఆ పేజీ అవసరం రాలేదు. నొప్పిలేని బానిసను సృష్టించి, బానిసత్వం మీద నిశ్చింతగా నవల రాసుకునే వీలు ఇది. అందుకే రోబోని దళితుడికి ప్రతీకగా తీసుకుని మురిసిపోవద్దని నా మనవి. మనం రోబోలం కాము. మనల్ని రోబోలుగా ఊహించుకున్న దొరల కల అది. దాన్ని వాళ్ళ కలగానే చదవాలి.

కానీ ఆ కలలో ఒకచోట చిరుగు పడింది. నవల చివరి భాగంలో గ్లాడియా తన చేతితొడుగు తీసి, వట్టి చేత్తో బేలీ చెంపను తాకుతుంది. సొలేరియా లెక్కలో అసలు నగ్నత్వం అదీ. ఒళ్ళంతా విప్పిన రోజున ఆమె పోగొట్టుకున్నదేమీ లేదు. తొడుగు విప్పిన రోజున తన లోకాన్నే విప్పేసింది. రోగాల పుట్ట అనుకున్నవాణ్ణి మనిషిగా లెక్కించింది. మూడో నవలలో ఆమె ఒక రోబోని భర్తగా తలుచుకునేదాకా పోతుంది. రచయిత మాత్రం ఆ రోబోని చంపేసి గానీ కథ మొదలుపెట్టలేకపోయాడు.

విద్యార్థులకూ, పాఠాలు చెప్పే మిత్రులకూ ఒక సూచన. నగ్నత్వం గురించిన ఏ రచన చదివినా, విప్పిన ఒంటి దగ్గరే ఆగిపోకండి. ఆ గదిలో ఇంకెవరున్నారో చూడండి. నీళ్ళు తోడిందెవరు, బట్టలు అందించిందెవరు, ఎవర్ని లెక్కపెట్టకుండా ‘ఎవరూ లేరు’ అన్నారు? తెలుగు కావ్యాల జలక్రీడలు, జమీందారీ నవలల పడకగదులు, మన సినిమాల స్నానఘట్టాలు, అన్నిటినీ ఈ ప్రశ్నతో మళ్ళీ చదవాల్సి ఉంది. ఆ గదుల్లో నిలబడ్డవాళ్ళు మన అమ్మలు, నాయనమ్మలు. వాళ్ళు ఏం చూశారో రాయాల్సింది మనమే.