తిరుచానూరును పట్టణమన్న లెక్క

తిరుపతి నుంచి తిరుచానూరు అమ్మవారి గుడికి వెళ్లే దారిలో ఏ ఊరు ఎక్కడ ముగిసిందో కంటికి తెలియదు. 2011లో తిరుచానూరుకు ఉన్నది పంచాయతీయే. అయినా ఆ ఏటి జనగణన దాన్ని సెన్సస్ టౌనుగా రాసుకుంది, తిరుపతి నగర సముదాయంలో చేర్చింది. ఆ లెక్క వెనకున్న పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

పంచాయతీ ఊరిని ఇలా పట్టణంగా, అంటే సెన్సస్ టౌనుగా, లెక్కించడానికి కొలతలు మూడే. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది. ఈ రెండూ ఎవరికైనా తడతాయి. అసలు తెలివి మూడోదానిలో ఉంది: ఏడాదిలో ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం మంది సేద్యం కాని పనుల్లో ఉండాలి. మేడలు ఎన్ని లేచాయని కాదు, జనం దేనిమీద బతుకుతున్నారని అడిగింది. అశోక్ మిత్ర జనగణనకు పెద్దగా, రిజిస్ట్రార్ జనరల్‌గా ఉన్న 1961 లెక్కల నాడు దేశమంతటికీ ఒకటిగా స్థిరపడిన పద్ధతి ఇది. అయితే గుడి ముందు పూలు కట్టి మూరల లెక్కన అమ్మే ఆడవాళ్ల కష్టం ఆ 75 శాతంలోకి రాదు. ఇది చిన్న లోటు కాదు, దిద్దాల్సిందే.

కింది స్థాయిలో ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటరు చేసే పని ఇంకా ముచ్చటైనది. ముందు తన బ్లాకుకు పటం గీస్తారు: పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం, ఎవరూ కాపురముండని అంగడికో గుడికో లోపల గీతలు. కుటుంబాన్ని తేల్చేది వంట. ఒకే కప్పు కింద ఉన్న అన్నదమ్ములు వేర్వేరుగా వండుకుంటే రెండు కుటుంబాలు.

నిత్యం యాత్రికులు వచ్చిపోయే చోట ఎవరిని లెక్కించాలి? 2011లో గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు సాగింది. ఆ రోజుల్లో ఎప్పుడైనా సొంత ఇంట ఉండేవారు అక్కడి లెక్కలోకే వెళ్తారు, సత్రం లెక్కలోకి రారు. ఇల్లులేని వాళ్లను మాత్రం 28 రాత్రి, ఎక్కడ పడుకుంటే అక్కడే రాసుకున్నారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ గడపగడపకూ తిరిగి, ముందు వెళ్లి వచ్చిన నాటి నుంచి ఫిబ్రవరి 28 అర్ధరాత్రి లోపు పుట్టినవాళ్లను చేర్చి, పోయినవాళ్లను కొట్టేశారు.