బాండుంగ్‌లో రిచర్డ్ రైట్ ఎవరితో మాట్లాడుతున్నాడు?

స్కూలు సోషల్ పుస్తకంలో బాండుంగ్ మనకి ఒక్క లైను. 1955, ఆసియా-ఆఫ్రికా సదస్సు, నెహ్రూ. పక్కనే పంచశీల, కాస్త కిందకి వస్తే అలీనోద్యమం. ఒక మార్కు బిట్టుకి సరిపోతుంది. ఆ లైను వెనక ఏముందో చూడాలన్న ఆసక్తి నాకు పుట్టించింది నెహ్రూ పుస్తకాలు కావు. పారిస్‌లో కాపురముంటూ, ఆసియా గురించి పెద్దగా తెలియని ఒక నల్లజాతి అమెరికన్ నవలాకారుడు రాసిన ‘ద కలర్ కర్టెన్’ (1956). పేరులోనే ఒక ఎత్తిపొడుపు ఉంది: అందరూ ఇనుప తెర గురించి మాట్లాడుతున్న రోజుల్లో ఈయన రంగు తెర అన్నాడు.

రిచర్డ్ రైట్ మిసిసిపీలో 1908లో పుట్టాడు. ‘నేటివ్ సన్’, ‘బ్లాక్ బాయ్’ పుస్తకాలతో పేరొచ్చాక, అమెరికాలో రోజూ మింగాల్సిన అవమానాలు ఇక చాలనుకుని రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పారిస్ వెళ్ళిపోయాడు. 1954 చివర్లో పేపర్లో వార్త చూస్తాడు: 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు ఇండోనేషియాలో కలుసుకోబోతున్నాయి. వెళ్ళి తీరాలనుకుంటాడు. వెళ్ళడానికి తన అర్హతలేంటో తనే లెక్కపెట్టుకుంటాడు కూడా. నల్లవాణ్ణి కనక జాతి సంగతి తెలుసు. కూలిపని చేశాను కనక వర్గం సంగతి తెలుసు. చర్చిల మధ్య పెరిగాను కనక మతం తెలుసు. పన్నెండేళ్ళు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాను కనక రాజకీయం తెలుసు. ఈ లిస్టులో ఇండోనేషియా గురించి ఒక్క ముక్క లేదు. చదివి నవ్వుకున్నాను. కానీ అదే పేజీ రెండోసారి చదివితే నవ్వు రాలేదు. అప్పటిదాకా ఆసియా గురించి రాసిన తెల్లవాళ్ళలో ఎంతమంది తమ అర్హతలేంటో చెప్పాలని అయినా అనుకున్నారు?

అసలు గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. బయల్దేరేముందు రైట్ ఒక ప్రశ్నావళి తయారు చేసుకుంటాడు. యూరప్‌లో దొరికిన ఆసియావాళ్ళనీ, ఆసియాలో పుట్టిన డచ్చివాళ్ళనీ, మిశ్రమ సంతానాన్నీ, ఒక పాకిస్తానీ జర్నలిస్టునీ కూర్చోబెట్టి అడుగుతాడు. జాతి గురించి, మతం గురించి, పడమటి దేశాల మీద కోపం గురించి. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, యూజర్ ఇంటర్వ్యూలు చేసే టీముల్ని దగ్గరగా చూశాను. ‘ఈ ఫీచర్ లేక మీరు ఎంత ఇబ్బంది పడుతున్నారు?’ అని అడిగితే ఎవరైనా ఏదో ఒక ఇబ్బంది చెప్తారు. రైట్ ప్రశ్నలు చాలావరకు అలాంటివే. రంగు గురించి గుచ్చి గుచ్చి అడుగుతాడు, రంగు గురించి జవాబులొస్తాయి, చూశారా అందరి మనసులోనూ రంగే ఉంది అంటాడు. ఇంకా ఇండోనేషియాలో విమానం దిగకముందే పుస్తకంలో ఒక పెద్ద భాగం అయిపోతుంది. విమానం దిగేసరికి అతని దగ్గర సగం నిర్ధారణలు సిద్ధంగా ఉన్నాయి.

జకార్తా పేజీలు నాకు అంతగా నచ్చలేదు. కాలవల్లో స్నానాలు, ఆ నీళ్ళలోనే మిగతా పనులన్నీ. పారిస్ నుంచి వచ్చిన ఎవరైనా ఇవే రాస్తారు. బాండుంగ్ చేరాక మాత్రం వేగం పుంజుకుంటుంది. కొండల మధ్య చల్లటి ఊరు, డచ్చివాళ్ళు ముచ్చటపడి కట్టుకున్నది. వాళ్ళు నాట్యాలు చేసుకున్న కాంకోర్డియా క్లబ్బుకి సుకర్ణో సదస్సు ముందే ‘గెదుంగ్ మెర్దెకా’ అని పేరు మార్చాడు. స్వాతంత్ర్య భవనం అని అర్థం. దాని ముందు రోడ్డు ఆసియా-ఆఫ్రికా రోడ్డు అయింది. పెద్దవాళ్ళొస్తే ఊరికి కొత్త బట్టలు తొడగడం అన్నిచోట్లా ఉన్నదే. 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు హైదరాబాద్ రోడ్లు ఎలా మెరిశాయో, బిచ్చగాళ్ళు ఎలా మాయమయ్యారో మనం చూశాం. కానీ పాలకుల క్లబ్బులో పాలితులు కుర్చీలేసుకుని కూర్చోవడం ఉత్త అలంకారం కాదు. రైట్‌కి ఆ తేడా తెలుసు. ఏప్రిల్ 18న హాల్లోకి నడిచి వెళ్తున్న నాయకుల్ని చూసి అతను పొందిన ఉద్వేగం నటన అనిపించదు. మిసిసిపీలో రోడ్డు దిగి తెల్లవాడికి దారి ఇవ్వడం చూస్తూ పెరిగిన మనిషి ఆ కళ్ళతోనే కదా చూస్తాడు.

ఇక్కడ రైట్ వైపున ఒక మాట చెప్పాలి. రంగు సంగతి అతను గాల్లోంచి తీసుకురాలేదు. ఇది చరిత్రలో వర్ణజాతుల తొలి ఖండాంతర సదస్సని ప్రారంభోపన్యాసంలో చెప్పింది సుకర్ణోనే. ఫిలిప్పీన్స్ తరఫున వచ్చిన, అమెరికా పక్షపాతిగా పేరున్న రోములో కూడా జాతి అహంకారం గురించి గట్టిగా మాట్లాడాడు. వచ్చిన 29 దేశాల్లో ఆఫ్రికావి ఆరే అన్నదీ మర్చిపోకూడదు. డుబోయిస్, పాల్ రోబ్సన్‌ల పాస్‌పోర్టులు అమెరికా ప్రభుత్వం తొక్కిపెట్టింది కనక వాళ్ళు సందేశాలు పంపి ఊరుకోవాల్సి వచ్చింది. ఆ హాల్లో నల్ల అమెరికా తరఫున చూసి రాయగలిగిన కొద్దిమందిలో రైట్ ఒకడు.

పుస్తకం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన ఘట్టానికి సదస్సుతో సంబంధమే లేదు. హోటళ్ళు కిక్కిరిసిపోవడంతో ఒక తెల్ల అమెరికన్ జర్నలిస్టు, ఒక నల్ల అమెరికన్ జర్నలిస్టు ఒకే గదిలో ఉండాల్సి వస్తుంది. ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకరాత్రి తెల్లావిడకి మెలకువ వస్తుంది. చీకట్లో తన రూమ్మేట్ ఒక నీలి మంట మీదకి వంగి ఏదో చేస్తోంది. చేతబడి అనుకుని హడలిపోతుంది. రైట్ దగ్గరికొచ్చి చెప్తే ఆయన అసలు సంగతి విప్పుతాడు: ఆమె డబ్బాలో వచ్చే స్టెర్నో ఇంధనం వెలిగించి, దువ్వెన వేడిచేసి, జుట్టు సాఫు చేసుకుంటోంది, నీ జుట్టులా కనపడాలని, అదీ నీకు తెలియకుండా. 29 దేశాలు తలెత్తుకు నిలబడ్డ ఊళ్ళోనే ఒకావిడ అర్ధరాత్రి తన జుట్టుని దాచుకుంటోంది. ఇక్కడ ప్రశ్నావళి లేదు. ఎవరో భయపడి వచ్చి చెప్పారు, అతను విన్నాడు. అడగనిది విన్నప్పుడు రైట్ ఎంత గొప్ప రచయితో ఈ రెండు మూడు పేజీలు చాలు. ఫెయిర్‌నెస్ క్రీముల దేశంలో పుట్టిన మనకి ఇది అర్థం కావడానికి ఫుట్‌నోట్ అక్కర్లేదు.

మరి అతనికి ఆతిథ్యమిచ్చినవాళ్ళు ఏమన్నారు? రైట్ ఇండోనేషియాలో దాదాపు మూడు వారాలున్నాడు, సదస్సు జరిగింది వారమే. మిగతా రోజుల్లో అక్కడి రచయితలతో కూర్చున్నాడు, ప్రసంగాలు చేశాడు. నవలాకారుడు, సంపాదకుడు మొఖ్తార్ లూబిస్ అతన్ని దగ్గరుండి తిప్పాడు. పుస్తకంలో కొంత భాగం ముందు ‘ఎన్‌కౌంటర్’ పత్రికలో వస్తే, అదే పత్రికకి లూబిస్ అభ్యంతరం రాశాడు: రైట్ మా దేశాన్ని రంగుటద్దాల్లోంచి చూశాడు అని. ఇండోనేషియా రచయితలు ఆ రోజుల్లో రైట్ గురించి రాసినవి, మాట్లాడినవి ‘ఇండోనేషియన్ నోట్‌బుక్’ పేరుతో 2016లో ఇంగ్లీషులో వచ్చాయి. అరవయ్యేళ్ళు పట్టింది. అది పక్కన పెట్టుకుని చదివితే కనపడేది ఒక సాహిత్య సమాజం: తమ భాష గురించి, నవల గురించి, కొత్త దేశంలో రచయిత ఏం చెయ్యాలన్నదాని గురించి కొట్లాడుకుంటున్న మనుషులు. రైట్ పుస్తకంలో వీళ్ళకి దక్కిన చోటు చాలా తక్కువ. తన తోటి రచయితల మధ్య కూర్చుని, వాళ్ళని రచయితలుగా కాక గాయపడ్డ ఆసియావాళ్ళుగా చూశాడు. నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టమనిపించిన విషయం ఇదే.

డబ్బు సంగతి కూడా ఉంది. ప్రయాణం ఖర్చు కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే సంస్థ భరించింది; ‘ఎన్‌కౌంటర్’ కూడా వాళ్ళదే. దాని వెనక సీఐఏ డబ్బుందని 1960లలో బయటపడింది, అప్పటికి రైట్ లేడు. దీన్ని పట్టుకుని పుస్తకం మొత్తాన్ని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఈ పుస్తకంలో అమెరికా జాత్యహంకారం మీద ఉన్నంత కోపం ఏ ప్రచార సంస్థా డబ్బిచ్చి రాయించుకోదు.

చివరి అధ్యాయం దగ్గర మాత్రం నేను రైట్‌తో తెగతెంపులు చేసుకున్నాను. ఆసియా, ఆఫ్రికాల్లో పడమటి చదువు చదివిన కొద్దిమంది ఉన్నారు, వాళ్ళు హేతువాదులు, సెక్యులర్ మనుషులు. మతమూ జాతీ కలిసి లేపే వెల్లువలో వాళ్ళు కొట్టుకుపోకముందే, కమ్యూనిస్టు చైనా చెయ్యి చాచకముందే పడమటి దేశాలు ఆదుకోవాలి అంటాడు. సలహా మంచిదో చెడ్డదో పక్కన పెడదాం. మతం గురించి అతని భయం ఈరోజు ఇండియాలో కూర్చుని చదివేవాడు తేలిగ్గా తీసిపారేయగలిగింది కాదు. నన్ను ఆపింది ఆ వాక్యాల్లోని ‘మీరు’. అది లండన్, పారిస్, వాషింగ్టన్. బాండుంగ్‌లో కూర్చున్నవాళ్ళు ఆ సంభాషణలో విషయం మాత్రమే. వాళ్ళు చదువుతారన్న ఊహ కూడా ఉన్నట్టు కనపడదు. విచిత్రమేంటంటే, బాండుంగ్‌లో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకోవడం గమనించి, రేపు ఈ భాష ఇన్ని కోట్ల కొత్త నోళ్ళలో పడి మారిపోతుందని రాసినవాడూ ఇతనే. ఆ కొత్త నోళ్ళు తన పుస్తకానికే జవాబు చెప్తాయని అనుకోలేదు. లూబిస్ జవాబు రాసింది ఇంగ్లీషులోనే.

చదవాలనుకునేవాళ్ళు ‘ఇండోనేషియన్ నోట్‌బుక్’తో మొదలుపెట్టకండి. ముందు రైట్‌ని చదవండి, అతని ఆవేశానికి లోబడండి, జుట్టు ఘట్టం దగ్గర ఆగండి. లూబిస్ దగ్గరికి ఆ తర్వాత వెళ్ళొచ్చు.