నెగటివ్ ఉందా?

పాత టీవీ సీరియల్ ఏదైనా 4కే డిస్కు మీద వస్తోందని తెలిస్తే నేను ముందుగా ఆరా తీసేది దాన్ని దేనిమీద తీశారని. ధర సంగతి తర్వాత. ఫిల్ము మీద తీశారా, వీడియో టేపు మీదా? ఫిల్మే అయితే ఎడిటింగ్ దేనిమీద జరిగింది? నెగటివ్ ఇంకా ఉందా? వీటికి జవాబులు దొరికాకే కొనాలా వద్దా అన్న ఆలోచన. అట్టమీద '4కే' అని ఎంత పెద్దగా ఉన్నా, లోపలి బొమ్మ ఎలా ఉండబోతోందో షూటింగ్ నాడే సగానికి పైగా తేలిపోయి ఉంటుంది. ఆ కథ తెలుసుకోవడమే ఈ సేకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని.

'ఐ లవ్ లూసీ' సంగతే చూడండి. 1951లో ఆ సీరియల్ తలపెట్టినప్పుడు న్యూయార్క్ నుంచి లైవ్‌గా ప్రసారం చేయాలన్నది స్పాన్సరు పట్టు. అందులో నటించే లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులు హాలీవుడ్ వదిలి రామన్నారు. అక్కణ్నుంచి లైవ్ ఇస్తే దేశంలో తక్కినవాళ్లకు చేరేది కినెస్కోపే. టీవీ తెరకు ఎదురుగా ఫిల్ము కెమెరా పెట్టి తీసే మసక నకలు అది. దాని బదులు 35 ఎంఎం ఫిల్ము మీద, ప్రేక్షకులను కూర్చోబెట్టి, ఒకేసారి మూడు కెమెరాలతో తీద్దామని ఒప్పించారు. ఖర్చు పెరిగింది. ఆ మేరకు తమ పారితోషికం తగ్గించుకుని, ఎపిసోడ్ల మీద హక్కు రాయించుకున్నారు. కెమెరా బాధ్యత కార్ల్ ఫ్రాయిండ్‌కు అప్పగించారు. జర్మనీలో 'మెట్రోపోలిస్'కు పనిచేసి, హాలీవుడ్‌లో 'ది గుడ్ ఎర్త్'కు ఆస్కార్ అందుకున్న మనిషి. మూడు కెమెరాలు మూడు పక్కల నుంచి చూస్తుంటే ఎక్కడా అడ్డదిడ్డంగా నీడలు పడకుండా పైనుంచి సమంగా వెలుగు పరిచే పద్ధతి ఆయనే కుదిర్చాడు. ఆనాటి టీవీ పెట్టెలకు ఆ ఫిల్ములో ఉన్న వివరంలో పావు వంతైనా చేరలేదు. దాన్ని మొదటిసారి బ్లూరేలో చూసినప్పుడు నాకు కలిగింది పాత జ్ఞాపకం తాలూకు ముచ్చట కాదు. ఫ్రాయిండ్ ఏం చూశాడో డెబ్బై ఏళ్ల తర్వాత నేనూ చూస్తున్నానన్న సంతోషం.

ఫిల్ము వదిలి టేపు పట్టుకున్నచోట ఏమవుతుందో చెప్పడానికి 'ట్విలైట్ జోన్' చాలు. రాడ్ సెర్లింగ్ 1959 నుంచి 1964 దాకా నడిపిన ఈ సీరియల్‌ను ఫిల్ము మీదే తీశారు, ఆరు ఎపిసోడ్లు తప్ప. రెండో సీజన్‌లో ఖర్చు తగ్గించాలని ఆ ఆరింటినీ టేపు మీద తీశారు. క్రిస్మస్ కథ 'నైట్ ఆఫ్ ది మీక్' వాటిలో ఒకటి. కథ ఎంత గొప్పదైనా బొమ్మ మాత్రం మెత్తగా, అంచులు కరిగినట్టే ఉంటుంది. ఎన్ని కే-లు తగిలించినా అంతకు మించి పిండుకోవడానికి అక్కడేమీ లేదు.

దీనికి తలకిందులైన కథ బ్రిటన్‌లో ఉంది. బీబీసీ 'డాక్టర్ హూ'ను అప్పట్లో స్టూడియోలో టేపు మీద, ఔట్‌డోర్ భాగాలను ఫిల్ము మీద తీసేవాళ్లు. 1970లో ప్రసారమైన, డాక్టర్‌గా జాన్ పెర్ట్‌వీ మొదటి కథ 'స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్' షూటింగ్ వేళకు స్టూడియోల్లో సమ్మె. గత్యంతరం లేక కథ మొత్తాన్నీ బయటి లొకేషన్లలో 16 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ఆనాడు తలనొప్పిగా మారిన ఆ సమ్మె పుణ్యమా అని, 2013లో అది అసలైన హై డెఫినిషన్‌లో బ్లూరేగా వచ్చింది. ఆ పాత సీరియల్‌లో అలాంటి అదృష్టం మరే కథకూ పట్టలేదు. అదే బీబీసీ తన పాత టేపులను తుడిచి మళ్లీ వాడుకున్న రోజులవి. ఎన్నో ఎపిసోడ్లు అలాగే పోయాయి.

నన్ను అన్నిటికంటే కదిలించేది మాత్రం 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' పునరుద్ధరణ. 1987 నుంచి 1994 దాకా నడిచిన ఆ సీరియల్‌ను నటులతో, మోడల్ నౌకలతో 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ఎడిటింగ్, ఎఫెక్టుల కూర్పు మాత్రం టేపు మీద. అంటే పూర్తయిన ఎపిసోడ్ ఫిల్ము రూపంలో ఎక్కడా లేదు. అందుకని 2012 నుంచి మూడేళ్లపాటు నెగటివ్‌ల డబ్బాలు తెరిచి, ప్రతి షాటూ వెతికి, స్కాన్ చేసి, 178 ఎపిసోడ్లనూ పాత ఎడిటింగ్ ప్రకారం మొదటి నుంచి మళ్లీ కూర్చారు. నౌక ఒక ముక్క మీద, నక్షత్రాలు మరో ముక్క మీద ఉంటే వాటిని కొత్తగా కలిపారు. దొరకని కొద్దిపాటి షాట్లను మాత్రం టేపులోంచి పెంచి అతికించారు. వచ్చింది బ్లూరేలోనే, 4కే ముద్ర లేదు. అయినా నా అరలో అంత గౌరవంగా పెట్టుకున్న పెట్టె మరొకటి లేదు.

ఇక ఫ్రేమ్ సంగతి. పాత టీవీ బొమ్మ దాదాపు చతురస్రం. ఇప్పటి తెరలు వెడల్పు. పక్కల ఖాళీ కనిపిస్తే కొనేవాళ్లకు నచ్చదేమోనన్న భయంతో పైనా కిందా కోసేస్తారు, లేదా నెగటివ్ అంచుల్లో మిగిలిన భాగాన్ని తెరుస్తారు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌కు 'సైన్‌ఫెల్డ్' వెడల్పు ఫ్రేమ్‌లో వచ్చినప్పుడు, రోడ్డు మీది గుంత చుట్టూ అల్లిన ఎపిసోడ్‌లో ఆ గుంతే ఫ్రేమ్ బయటికి పోయింది. 2024లో 4కే డిస్కుల మీద వచ్చిన 'ఫ్రెండ్స్'దీ వెడల్పు ఫ్రేమే. అలా వెడల్పు చేసిన ఆ సీరియల్లో కొన్నిచోట్ల నటి బదులు నిలబెట్టిన మనిషి అంచున కనిపిస్తుంది. మనకూ ఇది కొత్త కాదు. 2010లో 'మాయాబజార్'కు రంగులద్దినప్పుడు బొమ్మను సినిమాస్కోప్‌కూ మార్చారు. రంగుల గురించి అందరం మాట్లాడుకున్నాం. మార్కస్ బార్ట్లే కూర్చిన ఫ్రేమ్‌లో పైనా కిందా పోయినదాని గురించి తక్కువ మాట్లాడుకున్నాం. కెమెరామన్ కట్టిన హద్దును చెరిపే హక్కు పునరుద్ధరణకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగే గ్రెయిన్. ఫిల్ము బొమ్మ తయారైందే ఆ రేణువులతో. మచ్చలనుకుని కంప్యూటర్‌తో తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మలవుతాయి. 'ట్విన్ పీక్స్' పూర్తి పెట్టెలో 1990 నాటి పైలట్‌ను 4కే డిస్కు మీద ఇచ్చారు. ఆ చెక్క గోడల ఎరుపు, చీకటిగదుల నలుపు, వాటిమీద కదిలే సన్నని గ్రెయిన్ చూస్తే డేవిడ్ లించ్ అప్పుడే సినిమా తీశాడని తెలుస్తుంది.

"ఇవన్నీ ఫోన్లో వచ్చేస్తాయి కదా మావయ్యా" అన్నాడు అమెరికా నుంచి సూట్‌కేసులో నాకు డిస్కులు మోసుకొచ్చే మేనల్లుడు. వస్తాయి, కానీ ఆ గ్రెయిన్ రాదు. స్ట్రీమింగ్‌లో 4కే అంటే మామూలుగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్లు. డిస్కు మీద 100 కూడా దాటవచ్చు. క్షణక్షణం మారే రేణువులకు ఆ చోటు కావాలి. పైగా అక్కడ ఈరోజు ఉన్న ఎపిసోడ్ రేపు మాయం కావచ్చు, మారిపోనూ వచ్చు. నా డిస్కు మీదున్నది మారదు. తెప్పించుకునేవాళ్లకు ఒక మాట: 4కే డిస్కులకు రీజియన్ తాళం లేదు, ఎక్కడ కొన్నా ఇక్కడ ఆడతాయి. అదే పెట్టెలో ఇచ్చే బ్లూరేకు ఉండొచ్చు. అమెరికాది ఏ, బ్రిటన్‌ది బీ, మనది సీ. ప్లేయరు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో, ఎల్‌జీ 2024లో తప్పుకున్నాయి.

'నెక్స్ట్ జనరేషన్' తర్వాత వచ్చిన 'డీప్ స్పేస్ నైన్'నూ ఇలాగే ఫిల్ము మీద తీసి టేపు మీద కూర్చారు. దాన్ని మాత్రం ఎవరూ పూర్తిగా తిరిగి కట్టలేదు. ఖర్చు ఎక్కువ, బ్లూరే అమ్మకాలు తక్కువ. దాని మీద తీసిన ఒక డాక్యుమెంటరీ కోసం అభిమానుల చందాలతో కొన్ని నిమిషాలను నెగటివ్ నుంచి స్కాన్ చేశారు. ఆ యుద్ధ దృశ్యాలు, కథానాయకుడు సిస్కో ముఖంలోని అలసట అంత స్పష్టంగా చూశాక టేపు నకలుతో సరిపెట్టుకోవడం కష్టంగా ఉంది. మొత్తం ఏడు సీజన్లూ అలా కూర్చే పనికి ఎవరైనా ముందుకొస్తే, బ్లూరే అయినా సరే, 4కే అయినా సరే, మొదటి రోజే డబ్బు కడతాను.