స్టేజీ మీద కోయ వేషం, స్టేజీ కింద కోయ పిల్ల

కథనో కవితనో విమర్శించినట్టు కాలేజీ వార్షికోత్సవాన్ని ఎవరూ విమర్శించరు. సంబరంలో తప్పులెన్నుతారా అంటారు. కానీ ఆడపిల్లల కాలేజీలో ఏటేటా జరిగే పండుగలు కూడా ఒక రచనే. దాన్ని రాసినోళ్ళున్నారు. అందులో పాత్రలున్నాయి. ఎవరికి ఎన్ని మాటలియ్యాలె, ఎవరికి అసలు మాటే ఇయ్యొద్దు అన్న లెక్క ఉంది. మూడేండ్లు ఆ రచనలో చిన్న పాత్ర కట్టినదాన్ని గనక దాన్ని చదివే హక్కు నాకుంది.

నేను డిగ్రీ చదివింది 1990లలో. ఖమ్మం మైదానం అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే కాడ ఒక చిన్న మహిళా కాలేజీ. పేరుతో పనిలేదు. ఆ క్యాలెండరు చదివితే చాలు. కొత్తపిల్లలకు స్వాగతం, సెప్టెంబరు 5న గురుపూజ, దసరా సెలవులకు ముందు బతుకమ్మ, జనవరిలో ముగ్గుల పోటీ, మార్చి 8న మహిళా దినం, దాని వెనకాలే వార్షికోత్సవం, ఆఖరుకు ఫేర్‌వెల్. చూడ్డానికి అందరి పండుగలే. మరి ఈ క్యాలెండరు ఎవరి తీరికను చూసి తయారైంది?

మా దిక్కు జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. మాల, మాదిగ, కోయ, లంబాడ ఆడోళ్ళందరూ తెల్లారకముందే చేన్లల్ల ఉంటరు. కాలేజీకొచ్చే పిల్లలు ఆదివారం, సెలవు రోజు తల్లుల ఎంట కూలికి పోయేటోళ్ళు. మిరపకాయ కోసిన చేతులు రాత్రంతా మండుతయి, కళ్ళు నలుపుకుంటే కళ్ళూ మండుతయి. కోతలయినంక ఎండలు ముదిరితే అడవిల తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట. ఆకు కోసుడు, కట్ట కట్టుడు, కల్లంల ఆరబోసుడు అన్నీ ఇంటిల్లిపాది పనే. సరిగ్గా ఈ రోజుల్లనే కాలేజీల ముగ్గుల పోటీ, రిహార్సల్స్, వార్షికోత్సవం, పరీక్షలు.

ముగ్గు మాకు రాదని కాదు. మా వాకిట్లోనూ ముగ్గుంటది. పోటీకి రంగులు కొనాలె, రెండు పూటలు ఖాళీగుండాలె. రిహార్సల్ సాయంత్రం నాలుగు దాటినంక పెడితే, ఆఖరి బస్సుకు దుమ్ముగూడెం, చర్ల పోవాల్సిన పిల్ల ఎట్ల ఉంటది? డాన్సుకు పట్టు పరికిణీ, ఫేర్‌వెల్‌కు కొత్త చీర, గ్రూప్ ఫొటోకు చందా. ‘మీ పిల్లలు దేంట్లోనూ పాల్గొనరు’ అని మా మీద నింద. పాల్గొనడానికి పెట్టిన ధర ఎంతో ఆ నింద వేసినోళ్ళు ఎన్నడూ చెప్పలే.

ఇక ప్రారంభం. ఏ సభ అయినా సరస్వతి పటం ముందు దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి మొదలువెట్టుడే. చదువుల తల్లి గనక అడగకూడదు. శూద్రులకు, అతిశూద్రులకు, ఆడోళ్ళకు వేదం వినడమే పాపమన్న కాలమంతా ఆ తల్లి ఎక్కడుందో అడగకూడదు. 1848లో పుణెలో జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఆడపిల్లలకు బడి పెట్టిన్రు. బడికి పోయే దారిలో సావిత్రిబాయి మీద పేడ, మట్టి విసిరిన్రు. ఇంకో చీర వెంట తీసుకపోయి బడిలో మార్చుకునేదంటరు. మహిళా కాలేజీకి చదువుల తల్లి కావాలంటే ఇంతకన్నా దగ్గరి మనిషి ఎవరు? నేను చదివిన మూడేండ్లలో మా కాలేజీ సభల్లో ఆమె పేరు నేను వినలేదు. జనవరి 3 ఆమె పుట్టినరోజని తర్వాత దళిత సభల్లో తెలుసుకున్నా. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. మంచిదే. కానీ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన పటం మారదు. పటం మారినంత మాత్రాన పటం ముందు ఎవరు మాట్లాడుతున్నరో అది మారదు.

వార్షికోత్సవంలో అందరూ ఎదురుచూసేది ‘గిరిజన నృత్యం’. రెండో సంవత్సరంలో నేను చూసిన ఐటెం చెప్తా. అట్ట ముక్కలు కత్తిరించి కొమ్ములు చేసిన్రు. ముఖాలకు, చేతులకు నల్లరంగు పూసుకున్నరు. నడుముకు ఆకులు. క్యాసెట్ పెట్టి గంతులేసిన్రు. వేసినోళ్ళలో ఒక్క కోయ పిల్ల లేదు. చర్ల దిక్కునుంచి వచ్చిన కోయ పిల్ల మా క్లాసులనే ఉంది. చీర ఎట్ల కట్టాలె, చేతులు ఎట్ల కలపాలె అని ఆమెనే అడిగి నేర్చుకున్నరు. ‘ఎత్తు సరిపోదు’ అని జట్టులోకి మాత్రం తీసుకోలే. ఆమె కింద, దరిమీద కూర్చొని తన బతుకుకు మొదటి బహుమతి వస్తుంటే చప్పట్లు కొట్టింది.

నల్లరంగు పూసుకోవడం అన్నింటికన్నా పెద్ద మాట. ‘మీ రంగు మాకు వేషం, కడుక్కుంటే పోతుంది’ అని చెప్పడమే అది. కోయోళ్ళు ఆకులు కట్టుకొని తిరుగుతరని చూసేటోళ్ళకు నేర్పినట్టు. కొమ్ములాటలో అడవిదున్న కొమ్ముల తలపాగా కట్టుకొని, పెద్ద డోళ్ళు మోస్తూ ఆడేది మగోళ్ళు. ఆడోళ్ళు చేతులు పెనవేసుకొని వరస కట్టి అడుగేస్తరు. రేల పాటకు స్టేజీ లేదు. ప్రేక్షకులూ లేరు, చూడవచ్చినోళ్ళు కూడా వరసలో కలవాల్సిందే. పెండ్లికీ, విత్తనాల పండుగకూ అదే పాట. భూమి పండుగ రోజుల్లో మగోళ్ళు వేటకు పోతే, ఆడోళ్ళు దారికి అడ్డం నిలబడి రేల పాడి, పోయే బండ్లను ఆపి డబ్బులడుగుతరు. అది అడుక్కోవడం కాదు, ఆ నేల మీద తమకున్న అధికారాన్ని ఏటా ఒకసారి గుర్తు చెయ్యడం. అసలైన పండుగలో బండిని ఆపే ఆడమనిషి, కాలేజీ స్టేజీకొచ్చేసరికి చూసేటోళ్ళ కోసం గంతులేసే బొమ్మ అయింది. నేను తప్పు అనేది ఈ మార్పునే. కోయ ఆటను కోయేతరులు ఆడొద్దని నేననడం లేదు. ఆడితే వరసలో ముందు ఎవరున్నరో చూడమంటున్నా.

మా డప్పు సంగతీ ఇదే. ముఖ్య అతిథి కారు దిగినప్పుడు గేటు కాడ డప్పు కావాలె. డప్పు కొట్టుకుంట ఆయన్ని స్టేజీ మెట్ల దాకా తీసుకపోవాలె. మెట్ల కాడికి రాంగనే డప్పు ఆగాలె, నాదస్వరం క్యాసెట్ మొదలుకావాలె. కొట్టినాయన మా వాడ మనిషి, నాకు వరసకు పెదనాయన. నా కాలేజీ పండుగల ఆయనకు దొరికిన జాగ గేటు నుంచి మెట్ల దాకా. కర్టెన్ లేచేసరికి ఆయన గేటు బయట టీ తాగుతున్నడు.

ఈ తీరు కాలేజీ కనిపెట్టింది కాదు. భద్రాచలం కథలోనే ఉంది. స్థలపురాణం ప్రకారం గుట్ట మీద రాముడి విగ్రహాలను మొదట చూసింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ. పుట్ట కరిగించి, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది. ఆ తర్వాత 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించి రామదాసు అయిండు. రామదాసు పేరు మీద సినిమాలొచ్చినై, ఉత్సవాలు జరుగుతయి. దమ్మక్క కథ మొదటి పేజీలో వచ్చి రెండో పేజీకి మాయమైతది. తాటాకు పందిరి వేసినామె గుడి కట్టంగనే బయటికి పోయినట్టు, అడుగులు నేర్పిన పిల్ల ఆట మొదలుకాంగనే కిందికి పోతది. మా కాలేజీలో శ్రీరామనవమి ముందు వేసిన నృత్యనాటకంలో సీత వేషం ఎవరికొచ్చిందో, శబరి వేషం ఎవరికొచ్చిందో చెప్పాల్నా? తెల్లగున్న పిల్ల సీత. నల్లగున్న మాదిగ పిల్ల శబరి. ఎంగిలి పండ్లు పెట్టే పాత్రకు మాత్రం మా రంగు సరిపోయింది.

బతుకమ్మ దగ్గర నా మాట కొంచెం వేరు. మా ఊళ్ళో ఊరి బతుకమ్మ వేరు, వాడ బతుకమ్మ వేరు. తంగేడు, గునుగు అందరం ఒక్క గుట్ట మీదనే తెంపుతం, ఆడేది మాత్రం రెండు తావుల. కాలేజీ బతుకమ్మలో మొట్టమొదటిసారి రెడ్ల పిల్ల, కమ్మోళ్ళ పిల్ల, నేను ఒక్క సుట్టులో చప్పట్లు కలిపినం. ఆ సంతోషం అబద్ధం కాదు. మహిళా కాలేజీ అనేది ఎందుకు కావాలో ఆ అరగంట చెప్తది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఎత్తు ఎవరిది ఎక్కువ అని బహుమతుల పోటీ పెట్టినకాడ మళ్ళీ పూలు కొనగలిగినోళ్ళే గెలుస్తరు. సుట్టు తిరిగే ఆటకు ఒకటో బహుమతి ఎట్లుంటది?

మార్చి 8 అసలు శ్రామిక స్త్రీల దినం. 1910లో కోపెన్‌హాగన్‌లో క్లారా జెట్కిన్ ఈ ప్రతిపాదన పెట్టింది. 1917లో అదే రోజు పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లు ఆడోళ్ళు రొట్టె కోసం వీధికెక్కిన్రు. మా కాలేజీలో ఆ రోజు వంటల పోటీ, జడల పోటీ. హాలు ఊడ్చినామె, కుర్చీలు మోసినామె తలుపు కాడ నిలబడి చూసేటోళ్ళు. వాళ్ళిద్దరే ఆ రోజుకు అసలు అతిథులని ఎవరికీ తోచలే.

వీటన్నిటికీ ఎదురుగా మేం చేసుకున్న పండుగ ఒకటుంది. ఏప్రిల్ 14. కాలేజీ క్యాలెండర్‌లో లేదు. ఎస్సీ, ఎస్టీ హాస్టల్ పిల్లలం తలా రెండు రూపాయలేసుకొని అంబేద్కర్ ఫొటో తెచ్చినం. పరీక్షల రోజులు. ఆహ్వానపత్రం లేదు, ముఖ్య అతిథి లేడు. అందుకనే అందరం మాట్లాడినం. స్టేజీ ఎక్కని చర్ల పిల్ల ఆ రాత్రి కోయభాషలో మాట్లాడింది. సగమే అర్థమైంది, కానీ ఎవరూ నవ్వలే. 1942 జులైలో నాగపూర్‌లో జరిగిన దళిత మహిళల సభలో అంబేద్కర్, ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో దాని ఆడోళ్ళ ముందడుగును బట్టే కొలుస్తానన్నడు. ఆ కొలత ఏ బహుమతుల పట్టికలోనూ లేదు.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2016 నుంచి దళిత ఆడపిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చినై. హైదరాబాద్ కోఠి మహిళా కాలేజీ 2022లో విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిన్రు. భూమి కోసం దొరతో కొట్లాడిన చాకలి స్త్రీ పేరు ఆడపిల్లల విశ్వవిద్యాలయం మీద ఉండడం చిన్న సంగతి కాదు. కానీ మన పండుగలకూ అదే రోగం అంటుకుంటది. ఫూలే పటానికి దండ, అంబేద్కర్ పటానికి దండ, ఫొటో, ఉపన్యాసం, టిఫిన్. ఉపన్యసించేది మళ్ళీ బయటి నుంచి వచ్చిన మగాయనే. సరస్వతి జాగలో సావిత్రిబాయిని కూచోబెట్టి అదే కొబ్బరికాయ కొడితే మనం గెలిచినట్టు కాదు.

ఆఖరుకు ఒక్క మాట. ప్రతి వార్షికోత్సవంలో వార్షిక నివేదిక చదువుతరు. ర్యాంకులు, కప్పులు, వచ్చిపోయిన పెద్దల పేర్లు అందులో ఉంటయి. జూన్‌లో చేరి, మిరప కోతలకు పోయి, పెండ్లయి, ఫీజు కట్టలేక, జ్వరమొచ్చి తిరిగి రాని పిల్లల లెక్క అందులో ఉండదు. మా సెక్షన్‌లో మొదటి ఏడు చేరిన మాల, మాదిగ, కోయ పిల్లల్లో మూడో ఏడు వార్షికోత్సవం నాటికి సగం మందిమి లేం. ఆ సంగతి ఎవరూ మైకులో చదవలే. మహిళా కాలేజీ పండుగ నిజంగా ఆడపిల్లల పండుగ కావాలంటే ముందు ఆ లెక్క చదవాలె. ఎంతమంది చేరిన్రు, ఎంతమంది మిగిలిన్రు, పోయినోళ్ళు ఎందుకు పోయిన్రు. అది చదివినంక దీపం ఎవరు వెలిగిస్తరో, ఆట ఎవరు ఆడతరో మాట్లాడుకుందాం.