తెర అంచున కొలబద్ద

బిలాస్‌పూర్ స్టేషన్‌లో రైలు పెట్టెల తలుపుల పక్కన రిజర్వేషన్ చార్టు అతికించే రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వేసవి సెలవుల్లో కోర్బా నుంచి విశాఖపట్నం పోయే బండి ప్లాట్‌ఫాం మీదికి రాగానే ఆ కాగితం ముందు జనం మూగేవారు. చుక్కల అచ్చుతో ఉన్న పొడవాటి కాగితం. దాని మీద వేలు పెట్టి ఒక్కో పేరూ దాటుకుంటూ కిందికి దిగేవారు. పేర్లు పూర్తిగా చదవడం రానివాళ్లకు కూడా మూడు సంగతులు చూడగానే తెలిసేవి: జాబితా ఎంత పొడవుంది, వేలు ఎంతవరకు వచ్చింది, ఇంకా ఎంత మిగిలింది. 2018లో పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టు అతికించడం ఆపేశారు. జాబితా ఫోన్లోకి వెళ్లింది. ఫోన్ తెర చూస్తే అరచేతంత, జాబితా దానికి ఎన్నో రెట్లు. పొడవైనదాన్ని చిన్న కిటికీలోంచి చూడాల్సి వచ్చినప్పుడు ఆ వేలి పని చేసిపెట్టడానికే స్క్రోల్‌బార్ పుట్టింది.

మాది జాబితాల ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ రైలు కాలనీల్లో తరాలుగా ఉన్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రమయ్యాక కాగితం పని ఇంకా పెరిగింది. కోర్బా బొగ్గు మోసే రేకుల (వ్యాగన్ల వరసల) లెక్కలు, సిబ్బంది డ్యూటీలు, పింఛన్లు అన్నీ ఇప్పుడు తెరల మీదే నడుస్తున్నాయి. పొద్దస్తమానం తెర ముందు కూర్చునేవాళ్లకు స్క్రోల్‌బార్ కంటికి ఆనదు, చేతికి మాత్రం బాగా తెలుసు.

రిజర్వేషన్ కౌంటర్లోని పాత టెర్మినల్‌కు స్క్రోల్‌బార్ పట్టీ లేనే లేదు. 1994లో సికింద్రాబాద్‌లో మొదలై తర్వాత దేశమంతటినీ కలిపిన ‘కాన్సర్ట్’ వ్యవస్థ అక్షరాల తెర మీద నడిచింది. తెర నిండితే మీట నొక్కి తర్వాతి పేజీకి పోవాలి. ఏళ్ల తరబడి చేసిన గుమాస్తాకు ఏ వివరం ఎన్నో పేజీలో ఉంటుందో చేతి వేళ్లే చెబుతాయి. కొత్తగా కూర్చున్నవాడికి ఆ అలవాటు ఎక్కడిది? అలాంటివాడికి దారి చూపడమే ఈ పట్టీ పని. పనిలో ఆరితేరినవాడి ఒడుపును తెర మీదికి తెచ్చి, మొదటి రోజువాడి చేతిలో పెట్టింది.

ఇందులో భాగాలు మూడే. నిలువునా ఒక గాడి, అందులో జరిగే బిళ్ల, కొసల్లో బాణాలు. బాణం నొక్కితే ఒక పంక్తి కదులుతుంది. గాడిలో ఖాళీచోట నొక్కితే ఒక తెరంత కదులుతుంది. బిళ్లను పట్టి లాగితే ఎంత దూరమైనా పోవచ్చు. దగ్గరి నడక, మధ్యరకం అడుగు, దూరపు గంతు మూడూ వేలెడు వెడల్పున్న చోట ఇమిడిపోయాయి. తెర మీద ఇంత తక్కువ జాగాలో ఇంత పని చేసిన పరికరం ఇంకొకటి నాకు కనిపించదు.

దీని తొలి రూపాల్లో ముఖ్యమైనవి కాలిఫోర్నియాలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయం ‘పార్క్’లో తయారయ్యాయి. అక్కడి స్మాల్‌టాక్ వ్యవస్థలో పట్టీ కిటికీకి ఎడమవైపు ఉండేది. మౌస్ గుర్తు కిటికీలోకి రాగానే పక్కకు తెరుచుకునేది. అందులో బూడిదరంగు ముక్క ఒకటి. స్మాల్‌టాక్-80 నాటికి ఆ ముక్క పొడవు కూడా ఒక కబురు చెప్పేది: పత్రంలో సగం కనిపిస్తుంటే ముక్క గాడిలో సగం ఉంటుంది, పదో వంతు కనిపిస్తుంటే పదో వంతు. ఉన్న చోటును ముక్క స్థానం చెబుతుంది, మొత్తం నిడివిని ముక్క పొడవు చెబుతుంది. ఒక్క గీతతో రెండు సంగతులు.

ఇంత మంచి ఉపాయం ఆ తర్వాత జనం చేతికి వచ్చిన యంత్రాల్లో చాలావాటికి అందలేదు. 1984 మెకింటాష్‌లో బిళ్ల ఒక చిన్న చదరం. పత్రం రెండు పేజీలైనా రెండువందల పేజీలైనా ఆ చదరం అంతే. విండోస్ తొలి రూపాల్లోనూ ఇదే కథ. 1985లో వచ్చిన అమిగాలో మాత్రం నిడివిని బట్టి పెరిగి తరిగే బిళ్ల ఉంది. విండోస్‌కు ఆ గుణం 1995లో వచ్చింది, మెకింటాష్‌కు 1998లో, అదీ మాక్ ఓఎస్ 8.5తో. పార్క్‌లో తెలిసిన సంగతి ఆఫీసు బల్లల మీదికి చేరడానికి పదేళ్లకు పైనే పట్టిందన్నమాట. చదివేవాడికి ‘ఎంత ఉంది’ అన్నది ‘ఎక్కడున్నాను’ అన్నదానికి ఏమాత్రం తీసిపోని ప్రశ్న. పదిహేను నిమిషాల టీ విరామంలో అయిపోయే సర్క్యులరా, ఇంటికి పట్టుకెళ్లాల్సిన సర్క్యులరా అన్నది ముందే తెలియాలి కదా!

ఆ పొడవు కట్టే లెక్క చాలా తేలిక. గాడి పొడవును పత్రం మొత్తం నిడివితో భాగించి, కనిపించే భాగంతో గుణించాలి. గాడి 600 పిక్సెళ్లు, తెర మీద పట్టేవి 40 పంక్తులు అనుకుందాం. పత్రం 400 పంక్తులైతే బిళ్ల 60 పిక్సెళ్లు వస్తుంది. 4,000 అయితే 6. మౌస్‌తో పట్టుకోవడం అప్పటికే కష్టం. 40,000 పంక్తుల జాబితా అయితే ఒక్క పిక్సెల్ కూడా రాదు. అందుకని బిళ్ల ఇంతకంటే చిన్నది కాకూడదని తయారుచేసేవాళ్లు ఒక హద్దు పెడతారు. అక్కడి నుంచి బిళ్ల నిడివిని ఉన్నదానికంటే తక్కువ చేసి చూపుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అంత పెద్ద జాబితాలో బిళ్లను ఒక్క పిక్సెల్ జరిపితే అరవై పైచిలుకు పంక్తులు దాటిపోతాయి. తెర మీద పట్టేవి నలభయ్యే. మధ్యలో పాతిక పంక్తులు కళ్లపడకుండానే పోతాయి. రేకుల జాబితాలో ఒక వ్యాగన్ నంబరు కోసం బిళ్లను ఎంత జాగ్రత్తగా జరిపినా అది దొరక్కపోవడానికి కారణం మన చూపు కాదు, ఈ లెక్క. అలాంటిచోట బాణమో, వెతుకు పెట్టెనో వాడడమే మార్గం.

ఒక్కో వ్యవస్థ ఈ గాడిని ఒక్కో తీరున చెక్కింది. యునిక్స్ యంత్రాల మీద నడిచిన ‘అథీనా’ పట్టీకి బాణాలే ఉండవు. మౌస్ ఎడమ మీట నొక్కితే, నొక్కిన చోటికి ఎదురుగా ఉన్న పంక్తి ఎగిరి తెర పైకొసకు చేరుతుంది. పై అంచు దగ్గర నొక్కితే కొంచెం కదులుతుంది, కింది అంచు దగ్గర నొక్కితే తెరంతా కదులుతుంది. కుడి మీటతో వెనక్కి, మధ్య మీటతో బిళ్లను పట్టి లాగడం. నేర్చుకోవడానికి కొంత కాలం పడుతుంది. నేర్చుకున్నాక మాత్రం చదివిన చివరి పంక్తిని నేరుగా పైకి పంపి చదువు కొనసాగించవచ్చు. ఇంత పొందిక తర్వాతి కాలపు పట్టీల్లో లేదు. 1980ల చివర్లో వచ్చిన నెక్స్ట్ యంత్రంలో పట్టీ ఎడమన ఉండేది, రెండు బాణాలూ కింద ఒకేచోట ఉండేవి. పైకీ కిందికీ పోవడానికి మౌస్‌ను తెర ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పే పని లేదు. సన్ కంప్యూటర్ల ‘ఓపెన్ లుక్’ ఇంకో అడుగు వేసి బాణాలను బిళ్లకే అతికించింది. బిళ్ల ఎక్కడుంటే బాణాలూ అక్కడే.

విండోస్‌లో చాలామంది గమనించని మర్యాద ఒకటుంది. బిళ్లను పట్టి లాగుతూ మౌస్‌ను గాడికి బాగా పక్కకు తీసుకుపోతే బిళ్ల బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. ముందు పేజీలో ఏదో ఒకటి చూసి, చదువుతున్న చోటికి మళ్లీ రావాలంటే మీట వదలకుండా పక్కకు జరిపితే చాలు. దీన్ని చెడు గుణమనుకుని తిట్టుకునేవాళ్లున్నారు. నాకైతే ఇది ఎంతో ఆలోచించి పెట్టిన ఏర్పాటు. ఎంఎస్ వర్డ్‌లో బిళ్లను లాగుతుంటే పక్కన పేజీ నంబరు కనిపించడం కూడా అలాంటిదే. చదివేవాడు తప్పిపోతాడేమోనని ముందే ఊహించి పెట్టిన ఆసరా.

1996లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ చక్రంతో వచ్చాక చెయ్యి పట్టీ దగ్గరికి పోవడం తగ్గింది. జరపడం చక్రం పనైంది, పట్టీకి చూపించడమే మిగిలింది. 2007లో ఐఫోన్ వచ్చి వేలితో పేజీనే తోయమంది. తోస్తే జారుతూ పోయి మెల్లగా ఆగుతుంది, చివరికొస్తే కొంచెం సాగి వెనక్కి లాక్కుంటుంది. పట్టీ ఒక సన్నని గీతై, కదులుతున్నప్పుడే కనిపించి ఆగగానే మాయమవుతుంది. చిన్న తెర మీద జాగా కరువు కాబట్టి అక్కడ అది న్యాయమే. కానీ 2011లో ఇదే పద్ధతి పెద్ద తెరలకూ పాకింది. ఏప్రిల్‌లో ఉబుంటు 11.04, జులైలో మాక్ ఓఎస్ లయన్ పట్టీని దాచేశాయి. మాక్‌లో బాణాలు ఏకంగా పోయాయి. అడుగు వెడల్పున్న తెర మీద వేలెడు జాగా మిగల్చడానికి చదివేవాడి కొలబద్దను తీసేయడం నాకు ఎప్పటికీ సమ్మతం కాదు.

దీని వల్ల నష్టపోయేది ఎవరో మా కాలనీలో రోజూ చూస్తున్నాను. గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు పింఛనుకు సంబంధించిన ఫారం నింపుతూ నన్ను పిలిచారు. పేరు, నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ నింపారు. పేజీ సరిగ్గా ఒక గడి అయిపోయినచోట తెగింది. కింద అంతా తెల్లగా ఉంది. పక్కన గీత లేదు, బిళ్ల లేదు.

“ఇక్కడితో అయిపోనాది గదేటమ్మా? కిందకింకేటీ నేదు.”

“ఉంది పెదనాన్నా, కిందికి తొయ్యండి.”

తోస్తే అంగీకారం గడి, సమర్పించే మీట బయటపడ్డాయి. ఆయన నలభై ఏళ్లు సిగ్నల్ చూసి బండి నడిపించిన మనిషి. కనిపించని సిగ్నల్‌ను నమ్మడం ఆయన ఉద్యోగంలోనే లేదు. అలాంటాయన ‘ఏమీ లేదు’ అన్నారంటే లోపం తెరదే.

తెలుగు చదివేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ తగులుతుంది. మన పంక్తికి ఎత్తు కావాలి. ‘రాష్ట్రం’ అని రాస్తే అక్షరం కింద రెండు ఒత్తులు, ‘స్త్రీ’ అని రాస్తే పైన గుడి దీర్ఘం, కింద ఒత్తులు. ఇవి ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే పంక్తుల మధ్య ఎడం పెంచాలి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చిన రోజుల నుంచీ తెర మీద తెలుగు చదివినవాళ్లందరికీ ఇది అనుభవమే. ఎడం పెరిగితే తెర మీద పట్టే పంక్తులు తగ్గుతాయి, పేజీ పొడుగవుతుంది, కిందికి తోసే పని పెరుగుతుంది. ఎంత మిగిలిందో చెప్పే గుర్తు ఇంగ్లీషు పాఠకుడికంటే మనకే ఎక్కువ అవసరం.

అంతులేని పేజీల్లో పట్టీ ఉన్నా మాట నిలుపుకోలేదు. 2006లో డిజైనర్ ఏజా రాస్కిన్ రూపొందించిన ఆ పద్ధతిలో చివరికి చేరేలోపే కొత్త సరుకు వచ్చి చేరుతుంది. బిళ్ల కిందికి చేరబోయి, ఉన్నట్టుండి చిక్కిపోయి పైకి గెంతుతుంది. దాన్ని తలపెట్టినందుకు రాస్కిన్ తర్వాత బహిరంగంగానే బాధపడ్డారు. వార్తల ప్రవాహానికి అది ఎలాగో సరిపెట్టుకోవచ్చు. సీనియారిటీ జాబితాకో, పరీక్ష ఫలితాలకో వాడితే మాత్రం అన్యాయం. అక్కడ మనిషి వెతికేది తన పేరు, అది ఉందో లేదో తేలాలంటే జాబితాకు ఒక చివర ఉండాలి.

మరోవైపు ఈ గాడికి కొత్త పనులు నేర్పినవాళ్లూ ఉన్నారు. క్రోమ్‌లో ఒక మాట వెతికితే అది పేజీలో ఎక్కడెక్కడ ఉందో గాడి పొడవునా పసుపు గీతలు పడతాయి. ప్రోగ్రాములు రాసే ఎడిటర్లలో గాడి స్థానంలో మొత్తం ఫైలు బొమ్మే చిన్నదై నిలబడుతుంది. రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్లు ఒకప్పుడు పెద్ద కాగితం మీద పెన్సిలుతో గీసిన చార్టు, అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు, ఒక్కో బండికీ ఒక్కో ఏటవాలు గీత, ఇప్పుడు కంప్యూటర్లో పడుతోంది. అక్కడ పక్కకు జరపడమంటే కాలంలో వెనక్కీ ముందుకీ పోవడమే. అలాంటిచోట ఎక్కడున్నామో చూపే గుర్తు లేకపోతే పని జరగదు.

దాచిన పట్టీని బయటికి తెచ్చుకునే వీలు యంత్రాల్లోనే ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, విజువల్ ఎఫెక్ట్స్ వరసలో పోతే ‘ఆల్వేస్ షో స్క్రోల్‌బార్స్’ అన్న మీట ఉంటుంది. మాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని అపియరెన్స్‌లో స్క్రోల్‌బార్లను ఎప్పుడూ చూపించమని ఎంచుకోవచ్చు. పేజీలు తయారుచేసే మన కుర్రవాళ్లకు నా మనవి ఇంకొకటి: తెర కింది అంచు ఖాళీలో తెగకుండా ఒక గడినో పంక్తినో సగానికి కోసేలా పేజీని కూర్చండి. సగం అక్షరం కనిపిస్తే మిగతా సగం కింద ఉందని ఎవరికైనా తెలుస్తుంది. పట్టీని సన్నం చేయండి, రంగు మార్చండి, తీసెయ్యకండి. కాలనీలో ఎవరి ల్యాప్‌టాప్ నా చేతికొచ్చినా, అడిగిన పని మొదలుపెట్టే ముందు వాళ్లకు చెప్పి ఆ మీట వేస్తాను.